రంగు వేసిన పిమ్మట రోలరు మాట

సార్వా కోతలు ముగిసి కుప్పలు నూర్పిళ్లకు వచ్చునాటికి గోదావరి డెల్టాలోని ఇండ్లకు రంగుల ఋతువు వచ్చును. నాలుగు మాసములు వానకు తడిసి, ఉత్తరపు గోడలు పాచిపట్టి, పునాదినుండి పైకి ప్రాకిన చెమ్మ పాతపూతను పొరలుపొరలుగా ఊడ్చివేయగా, సంక్రాంతికి కొమార్తెలును అల్లుండ్రును వచ్చులోపల ఇల్లు కళగా కనబడవలెనను పట్టుదలతో గృహస్థులు పెయింటరును వెదకికొనుచు పోవుదురు. అమలాపురము మొదలుకొని భీమవరము వఱకును, రాజమహేంద్రవరపు సందులలోను, ఆ దినములలో నిచ్చెన కానరాని వీధి యుండదు. పని ముగిసిన సాయంకాలమున గోడను చూచి మెచ్చుకొనువారు అనేకులు గలరు గాని, ఆ గోడమూలనే పడియున్న రోలరు వంక చూచువారు లేరు. మఱునాటికది కఱ్ఱవలె బిగిసికొనును. మూడవనాడు పెంటకుప్పపై తేలును.

ఈ అలక్ష్యమునకు ఒక చరిత్ర గలదు. మన తాతలనాడు గోడలకు వేసినది ఆల్చిప్పలు కాల్చి తీసిన గుల్లసున్నము. వేసిన కుంచె తాటినారతో కట్టినది. ఆ నార ఎంత మేలైనదనగా, ఒకప్పుడు కాకినాడ రేవునుండి కుంచెలకును చీపుళ్లకును పనికివచ్చు సరకుగా ఓడలెక్కి విదేశములకు పోయెడిది. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి మరల రాయిగా మారు పదార్థము గనుక, వెల్ల వేసినవాడు కుంచెను వెంటనే జాడింపనిచో నారలు రాతికట్టుగా బిగిసిపోవుట తప్పదు. అయినను విచారించువాడు లేడు, ఏలయన చేనిగట్టుపై తాటిచెట్టు మఱియొక కుంచెనిచ్చును, పారవేసిన కుంచె కాలక్రమమున మట్టిలో కలిసిపోవును. పారవేయుట ఆనాడు దోషము కాదు. ఆ అలవాటే మార్పు లేక రోలరునకు సంక్రమించినది. రోలరు తాటిచెట్టునకు కాయదు.

1940 ప్రాంతమున కెనడా దేశమందలి టొరంటో నగరవాసి నార్మన్ బ్రేకీ అనునాతడు దీనిని కల్పించెనని చెప్పుదురు. విరివిగా చేసి అమ్ముటకు తగిన ధనము చేకూరక, లోకమంతయు వాడుకొన్న వస్తువువలన ఆతడు మాత్రము లాభపడలేదందురు. చూచుటకు అల్పమైన పరికరము: వంచిన ఇనుపకమ్మి పిడి, దానిపై తిరుగు గొట్టము, గొట్టమునకు చుట్టిన నూగు. పనియంతయు నూగుదే. పోగులు విడివిడిగా నిలిచి తమ నడుమ రంగును దాచుకొని, గోడకు ఒత్తినప్పుడు సమముగా విడిచినంతకాలము పూత నునుపుగా వచ్చును. రెండు పోగులు అంటుకొన్నచోట గోడపై గీత పడును, అంచున గట్టిపడిన నూగు మడతలవంటి చారలను విడిచిపోవును. రాజమహేంద్రవరమున చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) పేర చిత్రశాల యొకటి గలదు. దానిని చూడవచ్చినవారిలో, చిత్రకారుడు కుంచె కడుగకయే నిద్రించునని తలచువాడు ఒక్కడును ఉండడు. గోడకు రంగు వేయువాని పనిముట్టునకు ఆపాటి మర్యాద మనమేల ఈయరాదో నాకు తెలియదు.

లోగోడలకు నేడు వేయు ఎమల్షను రంగు స్వభావమును గ్రహించినచో కడుగు విధము దానంతట తేటపడును. అందు నీరు గలదు. ఆ నీటిలో కరగక తేలుచు అతిసూక్ష్మములైన ప్లాస్టిక్ కణములును, టైటానియం డయాక్సైడు అను తెల్లని పొడియు, ఇతర వర్ణములును గలవు. నీరు ఆరినకొలది కణములు దగ్గఱకు జరిగి, ఒకదానినొకటి హత్తుకొని, తుదకు విడదీయరాని పొరగా ఏకమగును. అటుపిమ్మట నీరు చల్లి తుడిచినను ఆ పొర కరగదు. గోడకు ఏది గుణమో రోలరునకదియే మృత్యువు. తడిగా ఉన్నంతవఱకు వట్టి నీరు చాలును. ఆరిన పిమ్మట ఏదియు చాలదు.

కావున మధ్యాహ్నభోజనమునకు పోవునప్పుడైనను రోలరును బట్టబయట విడువరాదు. వైశాఖ జ్యేష్ఠములలో రాజమహేంద్రవరపు ఎండకు, అన్నము తిని వచ్చులోపలనే నూగు కొనలు గట్టిపడును. రంగుతో నిండియున్న రోలరును పాలిథీన్ సంచిలో చుట్టి, గాలి చొరకుండ మూతి బిగించి నీడపట్టున ఉంచినచో మఱునాటికిని మెత్తగానే ఉండును. మఱునాడు అదే రంగు వేయవలసి యున్నప్పుడు కడుగ పనియే లేదు.

పని పూర్తియైనచో, కడుగుటకు ముందు గీకవలెను. పుట్టీ బ్లేడును నూగుపై నిలువుగా నొక్కి పైనుండి క్రిందికి లాగినయెడల, పెద్ద రోలరునుండి దిగు రంగును చూచి క్రొత్తవారు విస్తుపోవుదురు. దానిని డబ్బాలోనికి రాబట్టుకొన్నవానికి రంగు మిగులును, కడుగునీరు సగమునకు తగ్గును. శేషమును పాత వార్తాపత్రికలపై దొర్లించి, నూగుగొట్టమును పిడినుండి ఊడదీసి, మూడు బకెట్లలో వరుసగా కడుగవలెను. మొదటిది మురికిని తీయును, రెండవదానిలో కొంచెము సబ్బు కలిపి పోగుల మొదళ్లవఱకు వ్రేళ్లతో పిసుకవలెను, మూడవదానిలో నీరు తేరి కనబడువఱకు జాడింపవలెను. కుళాయి క్రింద పట్టి ధారగా విడుచుట వేగమనిపించును గాని, అట్లు చేయువాడు నీటిని వృథాచేయును, మొదళ్లలోని రంగును అట్లే మిగుల్చును. రాత్రియంతయు నానవేయుటయు మంచిది కాదు; అట్టతో చేసిన గొట్టము పగులును, ఇనుపకమ్మి త్రుప్పు పట్టును. పిమ్మట గొట్టమును మరల పిడికి తొడిగి, ఖాళీ గోనెసంచిలో దూర్చి గిఱ్ఱున త్రిప్పినచో నీరు జల్లుగా వదలి నూగు లేచి నిలుచును. ఆరబెట్టునప్పుడు నిలువునా నిలుపవలెను; పడుకోబెట్టిన రోలరు ఒకవైపు నూగు అణగి, మఱుసటి పనిలో ఆ అణగిన పట్టీనే గోడపై అచ్చు వేయును.

తలుపులకును కమ్ములకును వేయు ఎనామిలు సంగతి వేఱు. అది నీరు పోవుటవలన గాక గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడును. దానిని వదల్చుటకు టర్పెంటు కావలెను. చిన్న స్పాంజి రోలరును కడుగుటకు పట్టు టర్పెంటు వెల ఒక్కొక్కప్పుడు రోలరు వెలను మించును గనుక, దానిని పారవేయుటయే లౌక్యమని నా అభిప్రాయము. మంచి నూగురోలరైనచో కడుగవచ్చును. వాడిన టర్పెంటును మూతగల డబ్బాలో కొన్నిదినములు కదలింపక ఉంచినచో మడ్డి అడుగుకు దిగి పైభాగము మరల పనికివచ్చును. తుడిచిన గుడ్డలను మాత్రము కుప్పగా పడవేయరాదు. అవిసెనూనె వంటి ఆరెడు నూనెల స్వభావముగల రంగు ఆరునప్పుడు వేడి పుట్టును. కుప్పలో ఆ వేడి బయటికి పోలేక, నిప్పు తగులకయే గుడ్డలు అంటుకొనుట గలదు. వానిని ఆరుబయట విడివిడిగా పఱచి ఆరవేయవలెను.

ఇంతవఱకు చెప్పినది ఏ దేశమువారికైనను ఒకటే. డెల్టావాసికి వేఱొక ప్రశ్న గలదు: ఆ మూడు బకెట్ల నీటిని ఎక్కడ పోయవలెను? 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట పుణ్యమున ఇచట ఇంటికి నాలుగడుగుల దూరమున కాలువయో బోదెయో ఉండును. సాయంకాలము రేవులో దిగి రోలరు, బకెట్లు, కాళ్లు, చేతులు అన్నియు ఒక్కమారు కడిగికొని పోవుట పెయింటర్లకు పరిపాటి. కాని వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేయుటకు ముందు ఊరి మంచినీటి చెరువులు నింపుకొనునది ఆ నీటితోనే. భీమవరము, ఆకివీడు ప్రాంతముల చేపల, రొయ్యల చెరువులు త్రాగునదియు ఆ నీటినే. ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదని 2017 నవంబరునుండి దేశమున నిబంధన అమలులోనికి వచ్చినది, సంతోషమే. అయినను ప్లాస్టిక్ కణములును, రంగు బూజుపట్టకుండ కలుపు మందులును ఆ కడుగునీటిలో ఉండనే ఉన్నవి.

దీనికి మన వంటయింటిలోనే మందు గలదు. వరదకాలమున ఎఱ్ఱబారిన గోదావరి నీటిని బిందెలో పటికముక్క త్రిప్పి తేర్చుట ఈ సీమ స్త్రీలకు తరతరాల విద్య. ఒండ్రును ఒకచోట చేర్చి అడుగుకు దించిన ఆ పటికయే రంగుకణములను కూడ గుంపులుగా కట్టించును. కడుగునీటిలో పటికపొడి వేసి బాగుగా కలిపి, పిదప కొంచెము సున్నపుతేట చేర్చి కదలింపక విడిచినచో, రంగు పెరుగు విఱిగినట్లు తునుకలై చాలవఱకు అడుగున చేరును. పాతబట్టలో వడగట్టి, మిగిలిన ముద్దను ఎండబెట్టి చెత్తబండిలో వేయవచ్చును. తేరిన నీటిని నూతికిని చెరువుకును దూరముగా నేలపై పోయవచ్చును. కర్మాగారములలో రంగునీటిని శుద్ధిచేయుటకు వాడు ఉపాయమును ఈ జాతిదే.

మొండిగా ఆరిపోయిన ఎమల్షను రోలరును వేడి సబ్బునీటిలో నానబెట్టి బ్రతికింపజూచువారు గలరు. కొంత మెత్తబడును గాని పూర్వపు నునుపు రాదు. ప్రహరీగోడకు ప్రైమరు పూయుటకు అట్టిదానిని ఉంచుకొనవచ్చును. దానికిని పనికిరాని రోలరును పిల్లలు భోగిమంటలో వేయుదురు. పాతకఱ్ఱకును తాటాకునకును చెల్లిన ఆచారము ప్లాస్టిక్ నూగునకు చెల్లదు. ఆ పొగ మంట చుట్టు చలికాగు ముసలివారి ఊపిరితిత్తులకే మొదట చేరును.

కడిగి ఆరిన రోలరును దాచుటకు ఈ తేమసీమలో పాలిథీన్ సంచి తగదు. తడిరంగుతో ఒకరాత్రి ఉంచుటకు అది ఎంత మేలో, ఆరినదానిని ఆర్నెల్లు ఉంచుటకు అంత చేటు. వానకాలమున లోపల చెమ్మ నిలిచి బూజు పుట్టును, ఆ బూజు నల్లచుక్కలై తరువాతి గోడకెక్కును. పాత నూలుబట్టలో చుట్టి, అటుకపై ఎలుకలకందని మేకునకు వ్రేలాడగట్టుట మేలు. పిడి బిగిసినదని కోనసీమవారు చేతికందిన కొబ్బరినూనెను ఇరుసున పోయుచుందురు. ఒక్కచుక్క వేసి గుడ్డతో తుడిచివేయవలెను, లేనిచో నూనె నూగులోనికి దిగి, ఎమల్షను పూసినచోటెల్ల గుంటలు పడును.