నాయనమ్మ పుట్టింటికి దారెటు?

సెలవులొస్తే మా ఇంట్లో ఒకటే గొడవ. పిల్లలు గోవా అంటారు. మా ఆవిడ కేరళ అంటుంది. ఈసారి ఎనభై దాటిన నాయనమ్మ మధ్యలో కల్పించుకుంది. ‘ఒక్కసారి నన్ను కుక్కునూరు తీసుకెళ్లరా... మునగకముందే చూసొస్తా’ అంది. అంతే! గోవా మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మాది చండ్రుగొండ. తాత ఊరు అదే. నాయనమ్మ పుట్టిల్లు మాత్రం గోదావరి దగ్గర, కుక్కునూరు మండలంలో ఓ పల్లె. పోలవరం ప్రాజెక్టు పూర్తిస్థాయి నీటిమట్టం 45.72 మీటర్లు. అంత నీరు నిలిపిన రోజున ఆ పల్లె ఉండదు. కారులో మూడు రోజులు తిరిగొస్తే సరిపోతుందనుకున్నాం. కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాక తెలిసింది, సొంతూరికి వెళ్లడానికీ ఇంత తతంగం ఉంటుందని!

మొదటి చిక్కు... అసలు ఆ ఊరు ఏ జిల్లా? నాయనమ్మ పుట్టినప్పుడు నిజాం రాజ్యం, వరంగల్‌ జిల్లా. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. 2014లో ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమగోదావరికి వెళ్లాయి. 2022 నుంచి ఏలూరు జిల్లా. ఇటు చండ్రుగొండేమో 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. ఒకప్పుడు ఒకే జిల్లాలో ఉన్న పుట్టిల్లూ అత్తిల్లూ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. ‘నేనెక్కడికీ పోలేదు, ఊళ్లే పోయినయ్‌’ అని నవ్వుతుంది నాయనమ్మ.

ఎప్పుడు వెళ్లాలన్నది రెండో చిక్కు. జులై, ఆగస్టు మాటే ఎత్తొద్దన్నాడు నాన్న. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులకు చేరితే వంతెన మీద రాకపోకలే ఆపేశారు. పోనీ శ్రీరామనవమికి వెళ్దామా అంటే భద్రాచలంలో గది దొరకడం గగనం. నాన్నకు మాత్రం ఇప్పపూలు రాలే రోజులే కావాలట, ఆ వాసన చూసి నలభై ఏళ్లయిందట! ఆ ఎండల్లో నాయనమ్మను తిప్పలేం కదా. చివరికి సంక్రాంతి సెలవులకు ఖాయం చేశాం.

ఇక దారి. హైదరాబాద్‌ నుంచి సూర్యాపేట, ఖమ్మం మీదుగా చండ్రుగొండ. రెండోరోజు కొత్తగూడెం, పాల్వంచ దాటి బూర్గంపాడు నుంచి కుక్కునూరు. మూడోరోజు భద్రాచలం. రైల్లో వచ్చేవాళ్లకో మాట. ‘భద్రాచలం రోడ్‌’ స్టేషన్‌ ఉన్నది కొత్తగూడెంలో. అక్కడ దిగితే రాముడు ఇంకా 40 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు!

నాన్న చెప్పే గుర్తులు మాత్రం నమ్మకండి. పాల్వంచ వచ్చిందనడానికి ఆయనకు గుర్తు కేటీపీఎస్‌ పాత కూలింగ్‌ టవర్లు. ఆ ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో కూల్చేశారు. చండ్రుగొండలో రైలు పట్టాలేమిటని ఆయనకు అనుమానం. సత్తుపల్లి బొగ్గు కోసం వేసిన లైను అది.

చిన్నప్పుడు తునికాకు కోతకు వెళ్లిన కనకగిరి అడవి పిల్లలకు చూపిస్తానన్నాడు. ఊళ్లో బాబాయికి ఫోన్‌ చేస్తే ‘అటవీశాఖ వాళ్లను అడక్కుండా లోపలికి పోవద్దు’ అన్నాడు. 2022 నవంబరులో పోడు భూముల గొడవలో ఓ రేంజ్‌ అధికారి హత్యకు గురైంది ఈ మండలంలోని బెండాలపాడు దగ్గరే. ఆ మాట విన్నాక నాన్న కాసేపు మాట్లాడలేదు.

మీరూ ఇలాంటి ప్రయాణం వేసుకుంటే ముందు పెద్దవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించండి. వాళ్లు చెప్పే రేవులు, బాటలు, చెరువుగట్లు ఏ మ్యాపులోనూ దొరకవు. మా నాయనమ్మ చెబుతుంటే మా అమ్మాయి నోటుపుస్తకంలో ఊరి బొమ్మ గీసింది. రేవు, రామాలయం, ఎదురుగా మేనమామ ఇల్లు, వెనక చింతచెట్టు.

ఆ బొమ్మ పట్టుకుని నాయనమ్మ తమ్ముడి కొడుక్కి ఫోన్‌ చేశాం. వాళ్లు పునరావాస కాలనీకి వెళ్లిపోయారు. ‘ఇల్లెక్కడిది అన్నా, విప్పేశాం. దూలాలు, తలుపులు ఇక్కడికే తెచ్చుకున్నాం’ అన్నాడు. ఫోన్‌ స్పీకర్లో ఉంది. నాయనమ్మ విననే వింది.

‘చింతచెట్టుందా?’ అని అడిగింది.

‘ఉందత్తా.’

కారు డిక్కీలో మడతకుర్చీ ఒకటి పెట్టమంది. ఎంతసేపు కూర్చుంటావేంటి అని నవ్వితే, ‘మీరు భద్రాచలం పోయి దర్శనం చేసుకురండి. నేనక్కడే ఉంటా’ అంది.