గృహ కంప్యూటరునకు ఫైర్‌వాల్ కావలి

భవనములు కట్టువారు ఒక భాగమున పుట్టిన నిప్పు వేఱొక భాగమునకు దాటకుండ నడుమ దళమైన గోడను లేపుదురు. దానికి ఇంగ్లీషున ఫైర్‌వాల్ అని పేరు. కంప్యూటరునకును ఇంటర్నెట్టునకును నడుమ నుండి, వచ్చిపోవు సమాచారమును పరీక్షించు సాధనమునకును ఆ పేరే పెట్టిరి. మా మట్టుకు మాకిది గోడకంటె ద్వారపాలకునికే దగ్గఱగా తోచుచున్నది. గోడ యెవ్వరిని పోనీయదు. ఇది కొందఱిని పోనిచ్చును.

అదెట్లన, ఇంటర్నెట్టున జేరిన కంప్యూటరునకు సంఖ్యారూపమైన చిరునామా యుండును. ఆ చిరునామాయందు పోర్టులనెడి ద్వారములు 65,000లకు పైగా గలవు. ఇవి కంటికి గానరావు, వట్టి సంఖ్యలే. ఒక్కొక్క ప్రోగ్రాము ఒక్కొక్క సంఖ్యకడ వేచియుండును. మన మొక వెబ్ పుటను కోరినచో ఫైర్‌వాల్ ఆ కోరికను గుర్తుంచుకొని, దానికి వచ్చిన ప్రత్యుత్తరమును లోనికి విడుచును. పిలువకయే వచ్చి తలుపు తట్టువారిని వెలుపలనే నిలుపును. దాని నేర్పంతయు నిందే యున్నది.

పిలువకయే వచ్చువా రెవరని విద్యార్థు లడుగవచ్చును. 2003 ఆగష్టులో బ్లాస్టర్ అను వర్మ్ బయలుదేఱెను. అది ఈమెయిలు వెంట రాలేదు. ఎవ్వరును ఏ ఫైలును తెఱవ నక్కఱ లేకపోయెను. విండోస్ 2000, విండోస్ ఎక్స్‌పీ గల యంత్రములలో 135వ పోర్టు ద్వారా తనంతట జొరబడి, అచ్చటినుండి వేఱు యంత్రములను వెదకికొనుచు బోయెను. ఒక నిమిషములో యంత్ర మాగి మరల మొదలగునని తెరపై ప్రకటన కానవచ్చెడిది. దాచుకొనని వ్రాతపని దానితోనే పోయెడిది. ఆ లోపమునకు దిద్దుబాటును మైక్రోసాఫ్ట్ వారు జూలైలోనే యిచ్చియుండిరి. అంతకంటె విచారకరమైన సంగతి యేమనగా, ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ అదివఱకే కలదు. కాని సామాన్యముగా అది ఆపబడి యుండెడిది. జీతమిచ్చి తెచ్చిన కావలివానిని నిద్రపుచ్చినట్లయ్యెను! 2004 ఆగష్టులో వెలువడిన సర్వీస్ ప్యాక్ 2తో అది మొదటినుండియే పనిచేయునట్లు మార్చిరి.

నేటి విండోసులలోను అట్లే యుండును. అయినను ఏదో ఆట సాగలేదని దానిని ఆపివేయు బాలురు లేకపోలేదు. ఆ యొక్క ప్రోగ్రామునకు మాత్రము అనుమతి నిచ్చిన చాలును. కావలి నంతటిని తీసివేయ బనిలేదు. రైల్వే స్టేషను వైఫైలో జేరునపుడు దానిని పబ్లిక్ నెట్‌వర్కుగా నెంచుకొనిన, కట్టుబాట్లు మఱింత గట్టిపడును. ఇంటి రౌటరు సైతము బయటివారిని చాలవఱకు ఆపును గాని, దానితో వచ్చిన పాస్‌వర్డును మార్చకుండుట తాళపుచెవిని గుమ్మమునకే వ్రేలాడదీయుట వంటిది.

తల్లిదండ్రులు గమనింపవలసిన దొకటి కలదు. లోపలివారే తలుపు తీసినచో ద్వారపాలకు డేమి చేయగలడు? అపరిచితుడు పంపిన ఫైలును తెఱచుటయు, ఫోనులో నడిగినవారికి ఓటీపీ చెప్పుటయు ఇట్టివే. వానిని ఫైర్‌వాల్ ఆపజాలదు.

విండోస్ సెక్యూరిటీ అను భాగమును తెఱచి, ఫైర్‌వాల్ అను పేరును నొక్కిన డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అని మూడు నెట్‌వర్కుల పేరులు కానవచ్చును. మూడింటి క్రిందను ఫైర్‌వాల్ ఆన్‌లో నున్నట్లు కనబడవలెను. చూచుటకు రెండు నిమిషములు పట్టును.