దిగేటప్పుడు చూడాలి

గుమ్మలక్ష్మీపురం కొండలు చూడబోతూ గట్టి తోలుబూట్లు కొన్నాను. ఎంత బిగువైతే అంత భద్రమని నా పాండిత్యం! ఎక్కడం హాయిగానే సాగింది. దిగేటప్పుడు అడుగడుగునా పాదం ముందుకు జారి, బొటనవేలి గోరు నల్లబడింది. రబ్బరు చెప్పులతో ముందు నడుస్తున్న సవర పెద్దాయన వెనక్కు తిరిగి, "ఎక్కినప్పుడు కాదు బాబూ, దిగినప్పుడు సూసుకోవాల" అన్నాడు.

ఆ మాట ఇప్పుడు అక్కరకు వచ్చింది. మా అమ్మాయి పర్వతారోహణ నేర్చుకోవడానికి డార్జిలింగు వెళుతోంది. మన్యంలో నాకు పోయింది గోరే. మంచుకొండమీద బిగుతుబూటు రక్తప్రసారానికి అడ్డుపడితే, చలికి వేళ్ళే పోవచ్చు.

అలాగని మెత్తని బూటూ కుదరదు. గడ్డకట్టిన మంచుమీద జారకుండా అడుగున క్రాంపాన్ అనే ఇనుపముళ్ళ చట్రం బిగిస్తారు. బూటు అడుగు వంగిందా, చట్రం ఊడుతుంది. ముందూ వెనకా గాడులున్న గట్టిబూటుకు తటాలున తగిలించే రకం సరిపోతుంది. గాడులు లేకపోతే పట్టీలతో కట్టేదే శరణ్యం. అందుచేత బూటూ చట్రమూ జతచేసి చూసి, ఒకేసారి కొనాలి. 2014 మే 25న, 14 ఏళ్ళయినా నిండకుండా ఎవరెస్టు ఎక్కిన మన మాలావత్ పూర్ణ అంత ఎత్తునుంచీ దిగి రావలసిందే కదా!

సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి గనుక నిన్న ఆ వేళకే కొట్టుకు వెళ్ళాం. మందపు మేజోళ్ళు తొడిగించాను. మడమ లేవలేదు, వేళ్ళు ఆడుతున్నాయి. కొట్టతను బిల్లు రాయబోయాడు. "ఆగండి" అని, అమ్మాయిని మేడమెట్లు దిగమన్నాను. నాలుగోసారి దిగి మొహం చిట్లించి, "నాన్నగారూ, వేలు తగులుతోంది" అంది.

అర సైజు పెద్దది తెప్పించాం.