పదేళ్ళ పీపా, పన్నెండు గంటల లొట్టి

మైపాడు దగ్గర తాటితోపులో తెల్లారి ఆరు. ఉప్పుగాలికి చొక్కా అప్పుడే జిగురుపట్టింది. బల్ల మీద మా బావ స్కాట్లాండ్ నుంచి మోసుకొచ్చిన సీసా, పక్కనే చెట్టు దిగిన కల్లులొట్టి. పొద్దున్నే విస్కీ ఏమిటంటారా? నాలుకకి రుచి తెలిసేది ఇడ్లీకి ముందే.

సీసా ఎడ్రడౌర్‌ది, పదేళ్ళు పీపాలో ఉన్న విస్కీ. పిట్‌లోక్రీ ఊరి దగ్గర 1825లో మొదలైన డిస్టిలరీ. స్కాట్లాండ్‌లోకెల్లా చిన్నదని చాలాకాలం పేరు. రాగి బట్టీలు చిన్నవి. ఆవిరిని చల్లార్చేది నీళ్ళతొట్టిలో చుట్టలు చుట్టిన రాగి గొట్టం. మొలకెత్తిన బార్లీతో, ఒకే చోట కాస్తారు కాబట్టి సింగిల్ మాల్ట్. బట్టీలోంచి దిగేటప్పుడు అది నీళ్ళలా తెల్లగా ఉంటుంది. రంగంతా, రుచిలో పెద్ద వాటా పీపా ఇచ్చేవే.

ఈ పీపాలో అంతకుముందు ఉన్నది షెర్రీ. స్పెయిన్ దక్షిణాన హెరెస్ ప్రాంతపు ద్రాక్ష మద్యం. ఒకప్పుడు అది పీపాల్లోనే బ్రిటన్‌కి ఓడెక్కేది, ఖాళీ పీపాలు విస్కీవాళ్ళకి చవగ్గా దొరికేవి. 1980లలో ఆ రవాణా ఆగింది. ఇప్పుడు విస్కీ కోసమే కొత్త పీపాల్లో షెర్రీ పోసి నానబెడుతున్నారు. కుండకి వాసన పట్టడం కోసం పులుసు కాచడం అన్నమాట!

గ్లాసులో రంగు పలచని డికాక్షన్. ముక్కు దగ్గర పెడితే ఎండుద్రాక్ష, ఖర్జూరం, ఆ వెనకే తాటిబెల్లం పాకం అడుగంటబోయే ముందు వచ్చే వాసన. నాలుక మీద ముందు తీపి, తర్వాత వక్క వగరు, గొంతు దిగాక శొంఠి మంట. రెండు చుక్కల నీళ్ళు కలిపితే మంట తగ్గి ఖర్జూరం ముందుకొచ్చింది.

ఇక లొట్టి. సాయంత్రం గెల కొన చెక్కి కడితే రాత్రంతా చుక్కచుక్కగా నిండుతుంది. లోపల సున్నం పూస్తే పులియదు, అది నీరా. పూయకపోతే నిన్నటి కల్లు తాలూకు ఈస్ట్ కుండ గోడలకి అంటుకునే ఉంటుంది కాబట్టి చెట్టు మీదే పులుపు మొదలు. అక్కడ పీపాకి షెర్రీ గుర్తున్నట్టే ఇక్కడ మట్టికి నిన్న గుర్తుంటుంది. ఆరుకి దించిన కల్లులో తీపి, ముంజనీళ్ళ చలవ, సన్నని నురగ. పదికి నాలుక చురుక్కుమంటుంది. సాయంత్రానికి అది వెనిగర్ దారి పడుతుంది.

వేడికి ఓపిక తక్కువ. స్కాట్లాండ్‌లో పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది, దాన్ని దేవదూతల వాటా అంటారు. బెంగళూరులో ఆ దూతలకి ఆశ ఎక్కువ, 10 శాతం దాటి పట్టుకుపోతారు. 1948లో పెట్టిన అమృత్ కంపెనీ అక్కడే సింగిల్ మాల్ట్ చేసి 2004లో ఏకంగా గ్లాస్గోలో అమ్మకానికి పెట్టింది. వాళ్ళ సరుకు పదేళ్ళు ఆగక్కర్లేదు, ఎండే తొందరగా ముదరబెడుతుంది.

చెట్టు దిగిన పెద్దాయనకి ఒక చుక్క పోశాం. "ఎట్టుండాది పెద్దాయనా?" అని బావ అడిగాడు. ఆయన చప్పరించి, "కర్జూరపండు మాదిరుండాది నాయనా. దీనికి పదేండ్లా?" అని నవ్వి గ్లాసు బోర్లించాడు.

ఈ జిల్లాలో మందు గురించి ముచ్చటగా రాయడానికి నాకు కొంచెం జంకే. 1992లో ఇదే జిల్లాలోని దూబగుంట ఆడవాళ్ళు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. వాళ్ళలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా బంద్. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం రెండేళ్ళకే సడలిపోయింది. ఆ సారాకి పీపా లేదు, వయసు లేదు, రుచి చూసినవాళ్ళూ లేరు. కూలిడబ్బులు గొంతులోకి దిగడమే. గుక్క నోట్లో నిలిపి వాసన వెతకడం కడుపు నిండినవాడి సరదా, ఒప్పుకుంటాను.

నా ఓటు లొట్టికే, అదీ ఏడు దాటకముందు. బావ సీసా ఇంకా ముప్పావు వంతుంది, బీరువాలో పెట్టాం. మిగిలిన కల్లు అదేరోజు సాయంత్రం పారబోశాం.