తృప్తిని కొలుచుట: "పరవాలేదు" అను మాట

మానసిక వైద్యసేవ పొందినవారు దానివలన ఎంత తృప్తి చెందిరో కొలుచుటకు 1979లో అమెరికాదేశమున లార్సెన్, అట్కిసన్ మొదలగువారు ఒక ప్రశ్నావళిని ప్రకటించిరి. అందు ప్రశ్నలు ఎనిమిది. ఒక్కొక్కదానికి జవాబులు నాలుగు. మొత్తము మార్కులు 8 మొదలు 32 వరకు. జవాబులలో నడిమి స్థానము లేదు. అనేక భాషలలోనికి అనువదింపబడిన ఈ కొలత తెలుగున నిలుచునా యని విచారింతము.

శ్రీ సత్యసాయి జిల్లాలో కదిరికి సమీపమున నున్న గాండ్లపెంటలో ఒక రైతును "చికిత్స ఎట్లున్నది?" అని అడిగితిమనుకొందము. "పరవాలేదు సార్" అనును. దోషమున్నను సహింతుమనుట ఒక అర్థము. బాగుగనే యున్నదనుట మరియొకటి. ఎదుటివానిని నొప్పింపని మర్యాద మూడవది. ఏది వివక్షితమో కంఠస్వరము చెప్పును గాని కాగితము చెప్పదు. వ్రాయువాడు రెండు మార్కులు వేసిన సేవకు నింద, మూడు వేసిన ప్రశంస.

మరి రెండు ప్రశ్నలు చూడుడు. మీ స్నేహితునికి ఈ సేవను సూచింతురా యనునది యొకటి. మనోవ్యాధి పేరెత్తుటయే అవమానముగా నెంచుచోట, అట్లు సూచించుట స్నేహితుని పిచ్చివాడనుటయే యగును. మరల వత్తురా యనునది రెండవది. వేరొక వైద్యుడు అందుబాటున లేనివాడు "వస్తాను" అనును. అది గతిలేమియే గాని తృప్తి కాదు.

అనువాదమును తిరిగి మూలభాషలోనికి మార్చి సరిచూచు పద్ధతిని 1970లో బ్రిస్లిన్ వివరించెను. అది పదదోషములను పట్టును. కాని "స్నేహితుడు" అను పదము తిరిగి స్నేహితుడుగనే వచ్చును. అందలి అవమానము బయటపడదు.

కావున ప్రశ్నను విన్నవానిచే, తనకేమి బోధపడినదో తన మాటలలో ముందు చెప్పింపవలెను. అడుగువాడు ఆ వైద్యశాల ఉద్యోగి కారాదు. "పరవాలేదు" అన్నవానిని "ఇంకేమి ఉంటే బాగుండును?" అని మరల అడుగవలెను. ఎంతసేపు వేచితిరి, మందు దొరకెనా, మీ భాషలో మాటలాడిరా యను ప్రశ్నలను చేర్చవలెను. కొలత అన్ని భాషలలో నొకటియేనని తేలనిదే తెలుగు, ఉర్దూ, కన్నడ భాషలవారి సగటులను పోల్చరాదు.

చికిత్సావిషయమును రోగికి తెలిసిన భాషలో తెలుపవలెనని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము విధించినది. అతడు చెప్పినదానిని అతని భాషలో గ్రహించుట మన విధి. లేనిచో మర్యాదకొరకు పలికిన మాట ప్రశంసగా లెక్కకెక్కును. సేవలోని లోపము అట్లే నిలిచిపోవును.