గాలి మోసుకుని నీటి అడుగుకు: ఒక డైవింగ్ క్లబ్ మనకు నేర్పేది

- మన హాస్టల్ పూర్వ విద్యార్థిని, ఎమ్మెస్సీ (భౌతిక శాస్త్రం)

స్కూబా డైవింగ్ అనగానే మనలో చాలామందికి టీవీలో చూసిన రంగురంగుల చేపలో, ఏదో సినిమా పాటో గుర్తుకొస్తాయి. అది డబ్బున్నవాళ్ల సరదా, మనకెందుకులే అనుకుంటాం. కానీ 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగిపోయిన సంగతి మనకు తెలుసు. అక్టోబరు 22న ఆ బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం బయటికి లాగింది. ఆ పనిలో నీటి అడుగుకు దిగినవాళ్లు విశాఖపట్నం నుంచి వచ్చిన డైవర్లు. అంటే ఈ విద్య సరదాకే కాదు, కష్టకాలంలో మనుషులకు అక్కరకొచ్చే విద్య కూడా.

ఈ వ్యాసంలో రెండు విషయాలు చెప్పదలచుకున్నాను. ఒకటి, డైవింగ్ క్లబ్‌లో శిక్షణ ఎలా సాగుతుంది, దాని వెనుక ఉన్న సైన్సు ఏమిటి. రెండు, ఈత కొలను దగ్గరికే రానివ్వని మనుషులు తమకంటూ ఒక క్లబ్ పెట్టుకుని సముద్రం అడుగుకు ఎలా చేరుకున్నారు.

వీపు మీద ఉన్నది ఆక్సిజన్ కాదు

స్కూబా అనేది ఐదు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలతో ఏర్పడిన పేరు. నీటి అడుగున పీల్చడానికి కావలసిన గాలిని మనమే మోసుకుపోయే పరికరం అని దాని అర్థం. ఇప్పుడు వాడుతున్న పరికరానికి మూలం 1943లో ఫ్రాన్సులో తయారైంది. నౌకాదళ అధికారి జాక్ కూస్తో, ఇంజినీరు ఎమిల్ గాన్యాన్ కలిసి దాన్ని రూపొందించారు. అందులో కీలకమైన భాగం రెగ్యులేటర్. మనం పీల్చినప్పుడు మాత్రమే అది గాలి వదులుతుంది. పైగా చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి ఎంత ఉందో అంత ఒత్తిడితోనే అందిస్తుంది. అలా కాకపోతే లోతులో ఛాతీ మీద పడే నీటి బరువుకి ఊపిరి పీల్చుకోవడమే సాధ్యం కాదు.

వీపు మీది సిలిండర్‌లో ఆక్సిజన్ ఉంటుందని పత్రికల్లో కూడా రాస్తుంటారు. మామూలుగా అందులో ఉండేది మనం ఇప్పుడు పీలుస్తున్న గాలే. దాన్నే కంప్రెసర్‌తో కుక్కి నింపుతారు. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో నింపితే 2,400 లీటర్ల గాలి పడుతుంది. మనిషి నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుంటే, ఒడ్డున అది 120 నిమిషాలకు సరిపోవాలి. కానీ నీటిలో ప్రతి 10 మీటర్లకు ఒక వాతావరణ పీడనం చొప్పున ఒత్తిడి పెరుగుతుంది. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు కాబట్టి అదే గాలి 60 నిమిషాలే వస్తుంది. 20 మీటర్ల దగ్గర 40 నిమిషాలు, 30 మీటర్ల దగ్గర 30 నిమిషాలు. ఇదంతా మనం ఇంటర్మీడియట్‌లో బట్టీపట్టిన బాయిల్ నియమమే! రాబర్ట్ బాయిల్ 1662లో చెప్పిన ఆ సూత్రం డైవర్లకు ప్రాణాధారం.

క్లబ్‌లో ఏం చేస్తారు?

డబ్బు కట్టించుకుని నాలుగు రోజుల్లో నేర్పి పంపేసే సంస్థలు వేరు, క్లబ్బులు వేరు. 1953లో లండన్‌లో మొదలైన బ్రిటిష్ సబ్-ఆక్వా క్లబ్ ఇందుకు మంచి ఉదాహరణ. దాని శాఖలు అక్కడ ఊరూరా ఉన్నాయి. సభ్యులు వారానికో సాయంత్రం ఈత కొలనులో కలుస్తారు. నేర్పేవాళ్లు కూడా సభ్యులే, జీతాలు ఉండవు. తనకు ముందున్నవాళ్లు తనకు నేర్పారు కాబట్టి తను వెనక వచ్చినవాళ్లకు నేర్పుతాడు. ప్రతి శాఖకూ డైవింగ్ ఆఫీసర్ ఉంటాడు. భద్రత విషయంలో ఆయన మాటే చివరి మాట. ఇలా ఉమ్మడిగా నడుపుకోవడం వల్ల ఒక్కడు భరించలేని ఖర్చు పదిమందికి తేలికవుతుంది.

శిక్షణలో మూడు మెట్లు ఉంటాయి. మొదట తరగతి గది, తర్వాత ఈత కొలను, చివర సముద్రమో సరస్సో. అన్నిటికంటే ముందు ఈత పరీక్ష పెడతారు. చాలామంది చేసే తొలి కోర్సుకు 200 మీటర్లు ఆగకుండా ఈదాలి, 10 నిమిషాలు నీటి మీద తేలి ఉండాలి. వేగంతో పని లేదు. కంగారు పడకుండా ఉండగలమా అన్నదే పరీక్ష.

కొలనులో నేర్పే పనులు చూడటానికి చిన్నవే. కళ్లకు పెట్టుకున్న మాస్క్‌లోకి నీళ్లు వస్తే, ముక్కుతో గాలి ఊది వాటిని బయటికి పంపడం. నోట్లోంచి రెగ్యులేటర్ జారిపోతే తడుముకుని మళ్లీ పెట్టుకోవడం. దిగుతున్నప్పుడు చెవులు నొప్పి పెట్టకముందే ముక్కు మూసుకుని మెల్లగా ఊది ఒత్తిడి సరిచేసుకోవడం. జాకెట్‌లో గాలి నింపుతూ, తీస్తూ పైకి తేలకుండా, కిందికి మునగకుండా ఒకేచోట నిలవడం. వీటిని చేతులు వాటంతట అవే చేసేదాకా పదేపదే చేయిస్తారు.

నీటిలో మాట్లాడలేరు కాబట్టి అంతా సైగలే. బొటనవేలు పైకెత్తితే 'భేష్' అని కాదు, 'పైకి పోదాం' అని. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే 'నేను బాగున్నాను' అని. అరచేతిని గొంతుకు అడ్డంగా ఆడిస్తే 'నాకు గాలి అయిపోయింది' అని. ఆ సైగ చూడగానే పక్కనున్నవాడు తన దగ్గరున్న రెండో రెగ్యులేటర్ అందించి ఇద్దరూ కలిసి పైకి రావాలి. అందుకే క్లబ్‌లో ఎవరూ ఒంటరిగా దిగరు. ప్రతి ఒక్కరికీ ఒక జతగాడు ఉంటాడు. దిగేముందు తన పరికరాలతో పాటు జతగాడి పరికరాలూ తనిఖీ చేయాలి.

ఊపిరి బిగబట్టకూడదు

మన ఊళ్లలో బావిలో మునక వేసేవాళ్లు ఊపిరి బిగబడతారు. డైవింగ్‌లో మొదటి నియమం దీనికి పూర్తిగా విరుద్ధం. ఎప్పుడూ ఊపిరి బిగబట్టకూడదు. ఎందుకని?

ఒడ్డున పీల్చిన గాలితో మునిగితే, లోతుకి పోయేకొద్దీ ఆ గాలి కుంచించుకుపోతుంది, పైకి వస్తే మళ్లీ మొదటి కొలతకే వస్తుంది. కాబట్టి ఊపిరితిత్తులకు ముప్పు లేదు. కానీ 10 మీటర్ల లోతులో సిలిండర్ నుంచి ఊపిరితిత్తుల నిండా పీల్చి, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెట్టింపు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. కొలను లోతులో కూడా ఈ ప్రమాదం ఉంది. అందుకే ఊపిరి తీస్తూ, వదులుతూనే పైకి రావాలి.

రెండో ప్రమాదం నైట్రోజన్‌ది. లోతులో ఒత్తిడికి నైట్రోజన్ మన రక్తంలో, కండరాల్లో కరుగుతుంది. గబుక్కున పైకి వస్తే, సోడా సీసా మూత తీసినప్పుడు పొంగినట్టు ఒంట్లోనే బుడగలు పుడతాయి. కీళ్ల నొప్పులు, పక్షవాతం, ఒక్కోసారి మరణం కూడా సంభవిస్తాయి. బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్ మేకల మీద ప్రయోగాలు చేసి, ఎంత నెమ్మదిగా పైకి రావాలో లెక్కగట్టి 1908లో పట్టికలు ప్రచురించాడు. ఇప్పుడు నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి రావాలనీ, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగాలనీ నేర్పుతారు. 30 మీటర్లు దాటితే నైట్రోజన్ మత్తు ఎక్కిస్తుంది కూడా. కాబట్టి తొలి సర్టిఫికెట్ ఉన్నవాళ్లను 18 నుంచి 20 మీటర్ల లోతు వరకే అనుమతిస్తారు.

వాషింగ్టన్‌లో ఒక క్లబ్

ఇక రెండో విషయానికి వద్దాం. అమెరికాలో చాలాకాలం నల్లజాతివారిని తెల్లవారి ఈత కొలనుల్లోకి రానిచ్చేవారు కాదు. 1949 వేసవిలో రాజధాని వాషింగ్టన్‌లోని అనకోస్టియా కొలనులో నల్లజాతి పిల్లలు ఈతకు దిగితే పెద్ద గొడవ జరిగింది, కొలనునే మూసేశారు. మరుసటి ఏడు అందరి కోసం తెరిచారు. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగడానికి డాక్టర్ అంబేడ్కర్ వేలమందితో నడిచిన చరిత్ర మనకు తెలుసు. నీళ్ల దగ్గర మనిషిని ఆపడం ఒక్క మన దేశంలోనే జరిగింది కాదు.

ఆ గొడవ జరిగిన పదేళ్లకు, 1959లో, అదే వాషింగ్టన్ నగరంలో అండర్‌వాటర్ అడ్వెంచర్ సీకర్స్ అనే స్కూబా క్లబ్ పుట్టింది. స్థాపించినవారు డాక్టర్ ఆల్బర్ట్ హొసే జోన్స్. సైన్యంలో పనిచేసి, తర్వాత సముద్ర శాస్త్రం బోధించే ప్రొఫెసర్ అయినవారు. ఈత రానివారికి ఈత, వచ్చినవారికి డైవింగ్ నేర్పుతూ ఆ క్లబ్ పెరిగింది. 1991లో ఇలాంటి క్లబ్బులన్నీ కలిసేలా ఆయన, రిక్ పావెల్ కలిసి నల్లజాతి స్కూబా డైవర్ల జాతీయ సంఘం ఏర్పాటుచేశారు.

నేర్చుకున్న విద్యతో వాళ్లు ఏం చేశారో చూడండి. హెన్రియెట్టా మేరీ అనే బానిసల ఓడ 1700లో ఫ్లోరిడా దగ్గర మునిగిపోయింది. 1972లో దాని శిథిలాలు కనబడ్డాయి. వాటిలో దొరికిన ఇనుప సంకెళ్లలో పిల్లల చేతులకు సరిపోయేంత చిన్నవి కూడా ఉన్నాయి. 1993లో ఈ డైవర్లు అక్కడికి దిగి, బానిసలైన తమ పూర్వీకుల జ్ఞాపకార్థం సముద్రం అడుగున ఫలకం పెట్టారు. తర్వాత అదే సంఘంలోంచి డైవింగ్ విత్ ఎ పర్పస్ అనే బృందం వచ్చింది. మామూలు సభ్యులకే నీటి అడుగున టేపుతో కొలవడం, ప్లాస్టిక్ కాగితం మీద పెన్సిల్‌తో పటం గీయడం నేర్పి, పురావస్తు శాస్త్రవేత్తలకు సహాయకులుగా తయారుచేస్తున్నారు. సావో జోసే అనే ఓడ 1794లో దక్షిణాఫ్రికా తీరంలో మునిగి రెండు వందలకు పైగా బానిసలు చనిపోయారు. ఆ ఓడను గుర్తించినట్టు 2015లో ప్రకటించారు. ఆ పరిశోధనలోనూ ఈ బృందం వారు పాలుపంచుకున్నారు. తమ చరిత్రను తామే నీటి అడుగు నుంచి వెలికితీసుకున్నారన్నమాట.

మరి మన సంగతి?

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఈత నేర్చుకున్న మొదటి ఆడపిల్లను కూడా నేనే. మా నాన్న, అన్నయ్య నడుముకి బెండ్లు కట్టుకుని బావిలో నేర్చుకున్నారు. చెరువు గట్టున రోజూ బట్టలుతికే మా అమ్మకు మాత్రం ఎవరూ నేర్పలేదు. నేను పీజీలో చేరాక యూనివర్సిటీ కొలనులో నేర్చుకున్నాను. డైవింగ్ ఇంకా చేయలేదు, కానీ 200 మీటర్లు ఆగకుండా ఈదగలను.

సెలవుల్లో చెరువుకి వెళ్లిన పిల్లలు మునిగిపోయారని ప్రతి వేసవిలోనూ పేపర్లో చూస్తున్నాం. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోవడం మరీ ఘోరం. డైవింగ్ క్లబ్బుల పద్ధతుల్లో కొన్నింటికి పైసా ఖర్చు లేదు. నీళ్ల దగ్గరికి ఒంటరిగా వెళ్లకూడదు, జతగా వెళ్లి ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచాలి. ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకకుండా ముందు కేకవేసి పెద్దల్ని పిలవాలి. ఒడ్డున ఉండే తాడో, కర్రో, చీరో అందించాలి. మూత బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా విసిరినా పట్టుకుని తేలుతారు.

2014 మే 25న మన గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. కొండ ఎక్కినవాళ్లకి నీళ్లు ఒక లెక్కా, చెల్లెళ్లూ?

ఈ వేసవి సెలవుల్లో నేను ఊళ్లోనే ఉంటాను. వార్డెన్ మేడమ్ గారు అనుమతిస్తే, జిల్లా కేంద్రంలోని కొలనులో కోచ్ సమక్షంలో పదిమందికి ఈత నేర్పించడానికి తోడుగా వస్తాను. నేర్చుకున్న పదిమందీ వచ్చే ఏడు ఒక్కొక్కరు ఇద్దరికి తోడుండాలి, షరతు అదొక్కటే. రావాలనుకునేవాళ్లు మీ పేరుతో పాటు మీ జత పేరు కూడా రాసి ఇవ్వండి.