గంపలో శెనక్కాయలు, బీరువా మీద వాగ్దానం

డిసెంబరు 31 రాత్రి ప్రొద్దుటూరులో బంగారం కొట్ల షట్టర్లు దిగాక కూడా చర్చిలు కిటకిటలాడుతుంటాయి. పన్నెండు దాటగానే కొత్త సంవత్సరపు వాగ్దానం చెబుతారు. కొన్ని చర్చిల్లో బైబిలు వచనాలు అచ్చేసిన కార్డులు పళ్లెంలో పెట్టి తలా ఒకటి తీసుకోమంటారు. చేతికొచ్చిన వచనమే ఆ యేడాదికి దేవుడిచ్చిన మాట. మర్నాటికల్లా అది బీరువా తలుపు మీదికో, ఆటో అద్దం మీదికో చేరుతుంది.

ఇంతకీ ఆ మాటలో జనం వెతుక్కునేదేమిటి? ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయంలో దీవెనల చిట్టా ఒకటి ఉంది: పొలం, గొడ్డూ గోదా, కడుపుపంట, గంప, పిండి పిసికే తొట్టి, కాలానికి కురిసే వాన. సాలుకు సగటున 700 మిల్లీమీటర్లు మాత్రమే కురిసే కడప జిల్లాలో ఆ చిట్టాకు వ్యాఖ్యానం అక్కర్లేదు. జమ్మలమడుగు నల్లరేగళ్లలో పప్పుశనగ వేసినవాడికి అదునులో ఒక్క పదును పడితే చాలు. పులివెందుల వైపు చీనీ, అరటి తోటలవాళ్లకు బోరులో నీళ్లు నిలిస్తే చాలు.

ఆ లెక్క కళ్లకు కట్టేది కోత పండుగలో. దక్షిణ భారత సంఘం (సి.ఎస్.ఐ.) చర్చిల్లో ఆ రోజు బలిపీఠం ముందు శెనక్కాయల మూట, గుమ్మడికాయ, అరటి గెల, కోడిపుంజు, అరడజను గుడ్లు, ఎవరికి ఉన్నది వాళ్లు తెచ్చి పెడతారు. ఆరాధన అయ్యాక వేలం. సంతలో తక్కువకు దొరికే గుమ్మడికాయ ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు పలుకుతుంది. పాడినవాడు నష్టపోయాననుకోడు. కోడి చేజారి గుడిలో పరుగులు తీసినా ఆ రోజు ఎవరూ విసుక్కోరు.

ఈ క్రైస్తవానికి రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని మొదలుపెట్టింది 1822లో. తొలి ముప్పయ్యేళ్లు పెద్దగా కదలిక లేదు. ఆ తర్వాత ఊరవతల మాలపల్లెలు కుటుంబాలకు కుటుంబాలుగా బాప్తిస్మం తీసుకున్నాయి. 1876–78 నాటి కరువు ఈ సీమను తుడిచిపెట్టింది. మిషన్ దగ్గర దొరికిన అక్షరం, మందు, ఊరివాళ్లతో సమానంగా కూర్చునే చోటు ఆ పల్లెలకు దీవెన కిందే లెక్క. కరువులో గంజి కోసమే మతం మారారని ఎగతాళి చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కడుపు నిండినవాళ్ల మాట అది.

జమ్మలమడుగులో ఆ లండన్ మిషన్ వైద్యుడు క్యాంప్‌బెల్ పేరుతో ఉన్న ఆసుపత్రికి నూరేళ్లు ఎప్పుడో దాటాయి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ భారత సంఘం ఏర్పడ్డాక అది ఆ సంఘం చేతికొచ్చింది. కులమతాలతో పని లేకుండా చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు తరాలుగా కాన్పుకు వచ్చింది ఇక్కడికే. తర్వాత ముఖ్యమంత్రి అయిన వై.ఎస్. రాజశేఖర రెడ్డి పుట్టింది ఇక్కడే, 1949 జులై 8న. గుల్బర్గాలో వైద్యం చదివి, తిరుపతిలో హౌస్ సర్జన్ చేసి, ఆయన కొంతకాలం వైద్యాధికారిగా పనిచేసిందీ ఇక్కడే. 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ధర్మాసుపత్రి పెట్టారు. రూపాయి డాక్టరని జనం పిలుచుకున్న రోజులవి. ముఖ్యమంత్రిగా 2007లో తెచ్చిన పేదల వైద్య పథకం ఆరోగ్యశ్రీకి మూలం ఈ మిషన్ ఆసుపత్రేనని చెప్పలేం గానీ, ఇక్కడ అందుకున్న దీవెన ముందుకు చేతులు మారిందని మాత్రం చూసినవాళ్లకు తోస్తుంది.

టీవీ ప్రసంగాలతో వచ్చిన లెక్క వేరు. ఇంత కానుక వేస్తే అంతకు నూరంతలు తిరిగొస్తుందన్న బేరం అమెరికాలో పుట్టింది. అప్పుల్లో ఉన్న రైతుకు అది ఆశగా మొదలై, పంట పోయినప్పుడు నేరంగా మారుతుంది. విశ్వాసం చాల్లేదేమోనని తన్ను తాను తిట్టుకుంటాడు. కొండమీది ప్రసంగంలో యేసు ధన్యులన్నది దుఃఖపడేవాళ్లను. మంచివాడి చేనిమీదా చెడ్డవాడి చేనిమీదా వాన ఒకేలా కురుస్తుందన్నదీ ఆయనే. పెన్న ఒడ్డున సేద్యం చేసేవాళ్లకు ఈ రెండో మాట అనుభవంలో ఉన్నదే.

దీవెనకు ఇంకో చిక్కు తహసీల్దారు ఆఫీసులో ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు గానీ క్రైస్తవులకు కాదు. బాప్తిస్మం పొందిన దళితుడు ఆంధ్రప్రదేశ్‌లో బీసీ–సీ కిందికి వస్తాడు, వాటా ఒక శాతం. అందుకే చర్చి రిజిస్టర్లో ఒక పేరు, సర్టిఫికెట్లో మరో పేరు ఉన్న ఇళ్లు ఎన్నో. బిడ్డకు ఉద్యోగం వచ్చిందని ఆదివారం కృతజ్ఞతా కానుక వేస్తూ, కవరు మీద పేరు రాయాలా వద్దా అని తటపటాయించే తండ్రులూ ఆ ఇళ్లలోనే ఉంటారు.